ఈరోజు బెలూన్ డ్యూటీ

ఫిన్లాండ్ ఉత్తరాన సోదంక్యులాలో జనవరి పగలు పేరుకే పగలు, అందుకే పొద్దున పని మొత్తం లైట్ల కిందే. థర్మోకోల్ పెట్టెలో ఓజోన్ సోండ్, అంటే బెలూన్‌తో పైకెళ్లి ఓజోన్ కొలిచే పరికరం, సిద్ధం చేశాను. ఒక గిన్నెలో 3 మి.లీ. పొటాషియం అయొడైడ్ ద్రావణం, పక్కదాంట్లో అదే ఇంకా చిక్కగా. చిన్న టెఫ్లాన్ పంపు బయటి గాలిని లాగి మొదటి గిన్నెలోకి బుడగలుగా వదులుతుంది, అందులో ఓజోన్ ఉంటే మైక్రోయాంపియర్లలో కరెంటు పుడుతుంది. మనకు అందే లెక్కంతా ఆ కాస్త కరెంటే, కాబట్టి గిన్నెలు కడిగేటప్పుడు నాకు ప్రతిసారీ టెన్షనే.

మధ్యలో అమ్మ ఫోన్. "మనింటి దగ్గర ఈసీఐఎల్‌లోనూ బెలూన్లు ఎగరేస్తారు కదరా, ఆ మాత్రం దానికి అంత చలిలోకి వెళ్లాలా?" అంది. నిజమే, టీఐఎఫ్ఆర్ అనే పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం అక్కడే ఉంది. పైగా హైదరాబాద్ మీద కూడా 17 కి.మీ. ఎత్తున మైనస్ 80 డిగ్రీల చలి ఉంటుంది. కానీ అక్కడి గాలి కింద నుంచి కొత్తగా వచ్చినది, దాంట్లో సీఎఫ్‌సీలు, అంటే పాత ఫ్రిజ్‌లు, స్ప్రేల నుంచి వచ్చిన క్లోరిన్ వాయువులు, ఇంకా విరగలేదు. ఇక్కడ ధ్రువం చుట్టూ తిరిగే శీతాకాలపు గాలి సుడిలో చిక్కుకున్న గాలి చాలా పై నుంచి దిగింది, సీఎఫ్‌సీలు ఎప్పుడో విరిగి క్లోరిన్ ఓజోన్ జోలికి పోని రూపాల్లో కూర్చుని ఉంటుంది. చలి మైనస్ 78 కన్నా కిందికి పోతే నైట్రిక్ ఆమ్లం, నీరు కలిసి మేఘం కడతాయి, ఆ కణాల మీద క్లోరిన్ బయటపడుతుంది, ఆపైన ఎండ తగలడమే తరువాయి, ఓజోన్‌ను తినేస్తుంది. ఫోన్‌లో ఇదంతా చెప్పబోతే "సరేలే, స్వెటర్ వేసుకున్నావా" అంది.

మధ్యాహ్నం వదిలాం. నిమిషానికి 300 మీటర్ల చొప్పున ఎక్కింది. ఇంత చలికి రబ్బరు బిగుసుకుని తొందరగా పగలొచ్చు, దక్షిణ ధ్రువంలో చలికాలం ప్లాస్టిక్ బెలూన్లు వాడేది అందుకే. మాది 20 కి.మీ. దాటేదాకా స్క్రీన్ ముందు నుంచి లేవలేదు. అక్కడ మైనస్ 82. మేఘానికి సరిపడా చలి, ఓజోన్ మాత్రం ఇంకా నిండుగానే ఉంది, ఎండ పెరగలేదు మరి. 2020లో ఈ చలి మార్చి దాకా వదల్లేదు, 18 కి.మీ. దగ్గర ఓజోన్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఈసారి సుడి ఫిబ్రవరిలోనే విరిగిపోతే నా థీసిస్‌లో ఒక అధ్యాయం ఎగిరిపోతుంది, అయినా ఓజోన్ మిగులుతుంది కాబట్టి విరగాలనే ఉంది.