డబుల్ బ్యారెల్ కీలు పిన్నుకు ఏ గ్రీజు? నా అనుభవం

మాది గుంటూరు. నాన్న పోయాక లైసెన్సు మార్పించుకుని నేను ఉంచుకున్న వాటిలో ఒక 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీ ఉంది. వేటకు కాదు, 1972 వన్యప్రాణి చట్టం తర్వాత మా వైపు ఆ ముచ్చటే తగ్గిపోయింది. తోట దగ్గర ధైర్యానికి ఉంటుందంతే. 2024 ఎన్నికల కోడ్ రాగానే డిపాజిట్ చేసి, కోడ్ ఎత్తేశాక తెచ్చుకున్నాను. ఇంట్లో తెరిచి చూద్దామంటే లివర్ పక్కకు జరిగింది గానీ బ్యారెళ్లు వంగలేదు. కాస్త బలం పెడితే కిర్రుమంటూ వంగాయి.

బ్యారెళ్ల కింద చెయ్యి పట్టుకునే ముందు చెక్క తీసి, బ్యారెళ్లు విడదీసి చూస్తే సంగతి తెలిసింది. బ్యారెళ్ల కింద ఉండే కొక్కెం ఏ పిన్ను చుట్టూ తిరుగుతుందో, ఆ కీలు పిన్ను మీద గోధుమ రంగు బంక గట్టిగా పట్టేసి ఉంది. నాన్న ఎప్పుడూ ఆముదమే వాడేవారు. ఆముదానికి పట్టు బాగానే ఉంటుంది. కానీ గాలి తగిలి పాతబడే కొద్దీ జిగురవుతుంది. దానికి మా ఊరి మిరప దుమ్ము తోడైతే ఇక చెప్పేదేముంది!

కిరసనాయిలు, పాత టూత్ బ్రష్, నూలు గుడ్డ. శుభ్రం చేయడానికి ఇవి చాలు. అసలు తలనొప్పి తర్వాత ఏం రాయాలన్న దగ్గర మొదలైంది, ఎందుకంటే అడిగిన ప్రతివాళ్లూ ఒకటి చెప్పారు.

మా బాబాయి, "ఒరే, డబ్ల్యూడీ-40 కొట్టరా, ఎంత తుప్పయినా వదులుతుంది" అన్నాడు. వదిలిస్తుంది, నిజమే. దాని పేరులోనే ఉంది, అది తేమను తరిమే ద్రవం. పని అయ్యాక పల్చటి పొర మాత్రమే మిగులుతుంది. తడిసిన తుపాకీకి పనికొస్తుంది, బరువు మోసే పిన్నుకు ఆ పొర చాలదు. పక్కింటి టైలర్ గారు కుట్టు మిషన్ నూనె ఇచ్చారు. అది లివర్ దగ్గర ఒక చుక్క వేస్తే బాగానే పనిచేసింది. కానీ పిన్నుకు వేస్తే నిలవదు. గొట్టాలు పైకి పెట్టి బీరువాలో నిలబెడితే మెల్లగా బట్ చెక్కలోకి దిగుతుంది. నూనె తాగిన చెక్క ఏళ్లు గడిచే కొద్దీ మెత్తబడి, ఇనుము కూర్చునే చోట పట్టు వదిలేస్తుంది.

ఇక్కడ ఆ పిన్ను చేసే పని ఏమిటో కాస్త చెప్పాలి. నాది హ్యామర్లు, అంటే తూటాను పేల్చే సుత్తులు, బయటికి కనిపించని రకం. 1875లో బర్మింగ్‌హామ్‌లో ఆన్సన్, డీలీ అనే ఇద్దరు తెచ్చిన పద్ధతి. ఇందులో బ్యారెళ్లు కిందికి వంచే బలంతోనే లోపలి హ్యామర్లు ఎక్కుతాయి. అంటే తెరిచిన ప్రతిసారీ రెండు గట్టి స్ప్రింగులను అణిచే భారం ఆ పిన్ను మీదే పడుతుంది. పేల్చినప్పుడు తగిలే దెబ్బ వేరే. తిరిగేది మాత్రం కొద్దిపాటి, అదీ నిదానంగా. ఇంజన్‌లో షాఫ్టు వేగానికి నూనె పొర తనంతట తానే ఏర్పడుతుంది, ఇక్కడ ఆ వేగం ఎక్కడిది? ఒత్తిడికి నూనె పక్కకు జరిగిపోయి, ఇనుమూ ఇనుమూ రాసుకుంటాయి. ఎడ్లబండి ఇరుసు సంగతి కూడా ఇంతే కదా, అందుకే దానికి చిక్కటి కందెన పెట్టేవారు. నాకు కావలసింది బాగా జారేది కాదు, నొక్కినా చోటు వదలనిది.

పోలీసు ఆర్మరీలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు తెలుసు. ఆయన్ని అడిగితే గ్రీజు మాట పక్కన పెట్టి, "పొడిగా ఉన్నప్పుడు ఆడించి చూశావా బాబూ? గ్రీజు పెట్టాక చూస్తే ప్రతి తుపాకీ కొత్తదే" అన్నారు. ఆ మాట నాకు బాగా నచ్చింది. కీలు అరిగిపోయి ఆడుతుంటే చిక్కటి గ్రీజు ఆ ఆటను కప్పేస్తుంది. దాన్ని పిన్ను మార్చో, కొక్కెం నింపించో గన్‌స్మిత్ సరిచేయాలి, గ్రీజు కాదు. ఆయన ఎదుటే పరీక్ష చేశాం. తూటాలు కూర్చునే రెండు ఛాంబర్లూ ఖాళీ అని ఆయనొకసారి, నేనొకసారి చూశాం. ముందు చెక్క లేకుండా మూసి పక్కలకు ఆడించారు. తర్వాత దీపం మసి బ్యారెళ్ల వెనక అంచుకు పట్టించి మూసి తెరిచారు. మసి ఎదుటి ఇనుము మీద చుట్టూ సమంగా అంటింది, అంటే సందు లేకుండా కూర్చుంటున్నాయన్నమాట. "ఇంకో తరం వస్తుంది" అన్నారు.

అప్పుడు విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. తుపాకీకి అని చెబితే ఎగాదిగా చూస్తారని, "నెమ్మదిగా తిరుగుతుంది, లోడ్ ఎక్కువ, ఇనుము మీద ఇనుము" అని మాత్రం చెప్పాను. కొట్టతను మొదట గ్రాఫైట్ గ్రీజు తీశాడు. తేమ ఉన్నచోట గ్రాఫైట్ ఉక్కుకు తుప్పు పట్టడాన్ని పెంచుతుంది, కృష్ణ ఒడ్డున తేమకు కొదవా? వద్దన్నాను. సిలికాన్ గ్రీజు రబ్బరుకు మంచిదే, ఉక్కు మీద ఉక్కుకు అంత లాభం లేదు. మామూలు లిథియం గ్రీజు, 2వ నంబరు చిక్కదనంలో, ఈపీ అని రాసి ఉన్నది చూపించాడు. ఈపీ అంటే తీవ్ర ఒత్తిడిని తట్టుకునే మందులు కలిపారని అర్థం. అదీ పనికొచ్చేదే, వేరే దొరక్కపోతే నేను కళ్లు మూసుకుని తీసుకుందును.

ఇంతలో పక్కన కారు డ్రైవ్ షాఫ్ట్ విప్పుతున్న మెకానిక్, "అన్నా, మరి ఇది చూడు" అని సీవీ జాయింట్ (ఆ షాఫ్ట్ కీలు) గ్రీజు ప్యాకెట్ చూపించాడు. నల్లగా ఉంది. లిథియం గ్రీజులో మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిపినది. గ్రీజు పక్కకు జరిగినా ఆ మాలిబ్డినం పొడి పొరలు పొరలుగా ఇనుముకు అంటుకుని రాపిడిని అడ్డుకుంటుంది. నాకు కావలసింది ఇదే. దీనితో ఒకటే గొడవ, చొక్కాకు అంటితే ఇక వదలదు. మా ఆవిడ ఈ విషయంలో నాకంటే గట్టిగా మాట్లాడగలదు.

రాయడంలో ఎక్కువైతే నష్టమే. వేలి కొసకు అంటినంత తీసుకుని పిన్ను మీద, కొక్కెం వంపులో, ముందు చెక్క ఇనుము రాసుకునే గుండ్రటి చోట కనీ కనిపించనంతగా పూశాను. చాలామంది పిన్నుకు పెట్టి ఈ చివరి చోటు మర్చిపోతారు. ఛాంబర్లలోకి మాత్రం జిడ్డు పోనివ్వకూడదు. జిడ్డు ఉంటే కార్ట్రిడ్జ్ గోడను పట్టుకోదు, పేలినప్పుడు వెనక్కి తగిలే తోపుడంతా యాక్షన్ మీద, అంటే బ్యారెళ్లు కూర్చునే ఇనుప చట్రం మీద పడుతుంది. అందుకే చివర్లో పొడి గుడ్డతో ఛాంబర్లు, వెనక ముఖం తుడిచేశాను.

ఇప్పుడు చెయ్యి బరువుకే నిదానంగా వంగుతోంది, కిర్రు లేదు. గ్రీజు దుమ్ము పట్టుకుంటుంది కాబట్టి మిరప కల్లాల రోజులు అయిపోగానే పాతది తుడిచి కొత్తది పెడుతున్నాను. ప్యాకెట్‌లో మిగిలింది బాబాయి తన గేటుకు పట్టుకెళ్లాడు. డబ్ల్యూడీ-40 డబ్బా నాకు వదిలేశాడు.