ఎచ్చెర్ల దాకా సైకిలు మీద వెళ్లి వచ్చాను

ఆదివారం విశాఖ నుంచి శ్రీకాకుళం దగ్గరి ఎచ్చెర్ల దాకా వెళ్లి వచ్చి, సైకిలు మీద 200 కిలోమీటర్లు తొక్కానని చెబితే షాపుకు వచ్చిన వాళ్లందరూ అడిగింది ఒకటే: "ఎన్నో స్థానం వచ్చింది?" స్థానాలు ఉండవండీ అంటే నమ్మరు. ఆధార్ కార్డు జిరాక్సు కోసం వచ్చిన ఒక పెద్దమనిషి నన్ను పైనుంచి కిందికి చూసి, "అంటే ఆఖరున వచ్చావన్నమాట" అని తేల్చేశారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇకమీదట అడిగిన వాళ్లకు ఇదే పంపిస్తాను.

దీన్ని బీఆర్‌ఎం అంటారు, అంటే చెప్పిన దూరాన్ని గడువులోపు సైకిలు మీద పూర్తి చేసే ప్రయాణం. పారిస్‌లో 1904లో మొదలైన ఒక సైక్లింగ్ క్లబ్బు ఈ దూర ప్రయాణాలకు పెద్దదిక్కు. మనం విశాఖలో తొక్కినా ఫలితాల జాబితా చివరికి అక్కడికే వెళుతుంది, పూర్తి చేసినట్టు గుర్తింపు నంబరు అక్కడి నుంచే వస్తుంది. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. గడువులోపు వచ్చామా లేదా, అంతే. ముందు వచ్చిన వాళ్లకు కప్పు లేదు, వెనక వచ్చిన వాళ్లకు చిన్నతనం లేదు. పతకం కావాలంటే డబ్బు కట్టి తెప్పించుకోవాలి. మరీ దూసుకుపోయినా ఒప్పుకోరు. దారిలో మనం వచ్చినట్టు ముద్ర వేసే చోటును కంట్రోల్ అంటారు; 200 కిలోమీటర్ల చివరి కంట్రోల్ బయలుదేరిన 5 గంటల 53 నిమిషాలకు గానీ తెరుచుకోదు. నా విషయంలో ఆ నిబంధన అవసరం పడలేదు.

లెక్కలు ఇష్టపడే వాళ్లకు ఇంకో ముచ్చట. కనీస వేగం గంటకు 15 కిలోమీటర్లు. 200ను 15తో భాగిస్తే 13 గంటల 20 నిమిషాలు వస్తుంది. గడువు మాత్రం 13 గంటల 30 నిమిషాలు. ఆ పది నిమిషాలు ఎవరు, ఎందుకు కలిపారో గానీ, దణ్ణం పెట్టాలి.

చేతికి ఒక మడత కార్డు ఇస్తారు. అందులో పేరు, కంట్రోల్ పేర్లు, ఎప్పటిలోపు చేరాలో ఆ సమయం, ముద్ర వేయడానికి గడి. ఇరవై ఏళ్లుగా కాగితాలతో బతుకుతున్నవాణ్ణి కాబట్టి ముందు దాని మందం చూశాను. పరవాలేదు, గట్టి అట్టే. ముద్ర వేసే మనిషి లేని చోట ఏటీఎం చీటీ గానీ, కొట్టు బిల్లు గానీ సాక్ష్యంగా తెచ్చుకోవాలి. ఇక్కడ నా వృత్తి జ్ఞానం పనికివచ్చింది. ఏటీఎం చీటీ మీద ఉండేది సిరా కాదు. వేడి తగిలితే నల్లబడే పూత పూసిన కాగితం అది. చెమట జేబులో రోజంతా ఉంటే అక్షరాలు వెలిసిపోవచ్చు, ఎండ వేడికి కాగితమే నల్లబడవచ్చు. చీటీ రాగానే ఫోటో తీసి పెట్టుకోండి. నాతో ఉన్న నలుగురికీ చెప్పాను, ఇద్దరు విన్నారు.

ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి దగ్గర ఉదయం ఆరింటికి బయలుదేరాం. జనవరి ఆఖరు కాబట్టి చలి ఉంది. మొదటి పది నిమిషాలు అందరం ఒక్క ఊరి జాతరకు వెళుతున్నట్టే ఉన్నాం. కైలాసగిరి కింద తొలి ఎత్తు వచ్చేసరికి గుంపు సాగింది, రుషికొండ దగ్గర తెగింది. బీచ్ రోడ్డు చదునుగా ఉంటుందని కారులో తిరిగే వాళ్లు అనుకుంటారు. సైకిలు తొక్కేవాడికే తెలుస్తుంది అది ఎన్ని సార్లు లేచి పడుతుందో. తొట్లకొండ మలుపు, మంగమారిపేట, ఆపైన ఎర్రమట్టి దిబ్బలు దాటి భీమిలి చేరేసరికి ఏడున్నర. అక్కడి నుంచి చిట్టివలస మీదుగా తగరపువలస, గోస్తనీ వంతెన, ఇక జాతీయ రహదారి.

రహదారి గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఆరు వరుసల రోడ్డు, పక్కన తెల్ల గీత, గీత ఇవతల మనం. నాతవలస దగ్గర చంపావతి దాటాం. పైడిభీమవరం వైపు మందుల కర్మాగారాల వాసన గొంతులో దిగింది. తప్పు దిశలో ఎదురొచ్చే మోటారు సైకిళ్ల వాళ్లు మనల్నే వింతగా చూస్తారు. పైడిభీమవరం రాకముందే, పూసపాటిరేగ దాటాక ఒక అవ్వ కాల్చిన తేగల కట్టలు పెట్టుకుని కూర్చుంది. ఒక కట్ట కొని జెర్సీ వెనక జేబులో పెట్టుకున్నాను. దూర ప్రయాణానికి ఓపిక కోసం తినే విదేశీ జెల్లు పొట్లాలు తెచ్చుకున్న కుర్రవాడు దాన్ని చూసి నవ్వాడు. మధ్యాహ్నం తనే అడిగి రెండు తిన్నాడు.

నేను ఇది రాయడానికి అసలు కారణం ఆ కుర్రవాడూ, ఒక పెద్దాయనా.

పెద్దాయన ఓడల మరమ్మతు పనిలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. 63 ఏళ్లు. పాత ఇనుప ఫ్రేము సైకిలు, వెనక క్యారేజీకి తాడుతో కట్టిన సంచి. కుర్రవాడిది తేలికైన కార్బన్ సైకిలు. దాని ధరకు నా షాపులో రెండు కొత్త మిషన్లు వస్తాయి. కుర్రవాడు పెద్దాయనను భీమిలికి ముందు దాటాడు. రణస్థలం దగ్గర మేము ఆరుగురం టిఫిను కోసం ఆగాం. పెసరట్టు ఉప్మా, తర్వాత టీ, ఆ తర్వాత ఫోటోలు, ఎవరిదో గేరు సర్దడం. పెద్దాయన మా తర్వాత వచ్చి, నిలబడే మూడు ఇడ్లీలు తిని, సీసా నింపుకుని, మా కంటే ముందే వెళ్లిపోయారు. కుర్రవాడు మళ్లీ ఆయనను దాటాడు, మళ్లీ కొబ్బరి బొండాల దగ్గర ఆగాడు, పెద్దాయన మళ్లీ ముందుకు పోయారు. ఎచ్చెర్ల దాటాక ఉన్న సగం దూరపు కంట్రోల్‌కు ఇద్దరూ ఇంచుమించు ఒకేసారి వచ్చారు. నేను 11.50కి చేరాను. అది మూసే సమయం 12.40.

"బాబాయ్ గారూ, మీరు అసలు ఆగరా?" అని అడిగాను.

"ఆగుతాను నాయనా. కూర్చోను," అన్నారు.

ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చాక ఫోనులోని లెక్క తీశాను. నేను నిజంగా సైకిలు నడిపిన సమయం పది గంటలకు కాస్త ఎక్కువ. మొత్తం పట్టింది 13 గంటలకు పైనే. మిగతాదంతా నిలబడీ, కూర్చునీ పోయింది. గంటకు 20 కిలోమీటర్ల నుంచి 22కు పెంచుకోవాలంటే నాలాంటి వాడికి నెలల సాధన కావాలి, అలా కష్టపడితే కలిసివచ్చేది గంట లోపే. అదే గంట టిఫిను బల్ల దగ్గర ఊరికే దొరుకుతుంది. తేలిక సైకిలు కోసం అప్పు చేసే ముందు ఈ లెక్క వేసుకోమని కొత్తవాళ్లకు నా మనవి.

తిరుగు ప్రయాణంలో గాలి మొదలైంది. మధ్యాహ్నం సముద్రం మీద నుంచి లేచే గాలి. మనం నైరుతికి తిరిగి వస్తుంటే అది ఎడమవైపు నుంచి, కాస్త ఎదురుగా కొడుతుంది. ఎదురుగాలి అయితే ముందువాడి వెనక చక్రం పట్టుకుని నడిస్తే సరిపోతుంది, గాలిని అతను చీలుస్తాడు. ఏటవాలు గాలికి మాత్రం ముందువాడి చాటు కుడివెనక పడుతుంది. ఆ చాటు కోసం కుడికి జరిగితే లారీల దారిలో ఉంటాం. ఈ సంగతి పెద్దాయన నోటితో చెప్పలేదు. కార్బన్ కుర్రవాడు కుడికి జరిగినప్పుడు గట్టిగా గంట కొట్టి, చేత్తో గీత ఇవతలకు రమ్మని సైగ చేశారు. అప్పటి నుంచి ఎవరి గాలి వాళ్లే తిన్నాం. పావుగంటకొకరు ముందుకు వచ్చాం గానీ, దానివల్ల దొరికింది ధైర్యమే, చాటు అంతగా లేదు.

ఆ దారిలోనే పారిస్ సంగతి వచ్చింది. పారిస్ నుంచి బ్రెస్ట్ దాకా వెళ్లి తిరిగి రావడం, 1200 కిలోమీటర్లు, 90 గంటలు. 1891లో పందెంగా మొదలైంది, ఇప్పుడు నాలుగేళ్లకోసారి మనలాంటి వాళ్ల కోసం జరుగుతుంది. మొన్న 2023లో అయింది, మళ్లీ 2027లో. వెళ్లాలంటే అదే ఏడాది 200, 300, 400, 600 నాలుగూ పూర్తి చేయాలి. కుర్రవాడు వీసా, విమానంలో సైకిలు పెట్టె, ఖర్చు అని ఏకరువు పెట్టాడు. పెద్దాయన అంతా విని, "పాస్‌పోర్టు రెన్యువల్ చేయించాను" అన్నారు. ఇంకేమీ అనలేదు.

సాయంత్రం ఐదుంబావుకు భీమిలి. అక్కడ బల్బులు వెలిగించి, మెరిసే కోట్లు సర్దుకున్నాం. ఉదయం సరదాగా దాటిన ఎత్తులు ఇప్పుడు ఒక్కొక్కటీ పాత బాకీ అడిగాయి. అన్నిటికంటే కష్టమైనది చివరి ఐదు కిలోమీటర్లు. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు! మురీ మిక్చర్ బండ్లు, మొక్కజొన్న పొత్తులు, వెనక్కి చూడకుండా తెరుచుకునే కారు తలుపులు, ఎటు పరిగెడతారో తెలియని పిల్లలు. రహదారి మీద లారీ వాళ్లు గీత దాటలేదు, ఇక్కడ గీతే లేదు. 7.05కి చివరి ముద్ర పడింది. కార్డు తీసుకున్న అమ్మాయి ముద్ర సూటిగా వేసింది, అడ్డదిడ్డంగా వేయలేదు. ఇలాంటివి నాకు కనిపిస్తాయి, ఏం చేయను!

నొప్పుల గురించి అడుగుతున్నారు. కాళ్లు రెండో రోజుకు బాగైపోయాయి. చిటికెన వేలు, ఉంగరం వేలు మాత్రం వారం దాకా తిమ్మిరిగా ఉన్నాయి. హ్యాండిల్ మీద అరచేయి ఒత్తుకుని అక్కడి నరం నలుగుతుందట. కాగితాలు లెక్కపెట్టే పనిలో ఉన్నవాడికి అది చిన్న విషయం కాదు. హ్యాండిల్ మీద చేతులు మారుస్తూ ఉండాలి, మెత్తటి చుట్టు వేయించుకోవాలి. చేయించాను.

మూడు వందలకు పేరు ఇచ్చాను. ఇరవై గంటలంటే రాత్రి రోడ్డు తప్పదు. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు, ఇది చదివాకే తెలుస్తుంది. ముందు బల్బు కొనాలి. పెద్దాయనకు ఫోను చేస్తే ఛార్జింగు బల్బు ఒకటి, సెల్లుల బల్బు ఒకటి, రెండూ పెట్టుకోమన్నారు. రాత్రి ఒంటిగంటకు ఛార్జింగు అయిపోతే సెల్లులు ఏ కిళ్లీ కొట్టులోనైనా దొరుకుతాయట. "కొట్టు దగ్గర కూర్చోవచ్చా బాబాయ్ గారూ?" అన్నాను. "సెల్లు మార్చేంత సేపు" అన్నారు.