త్రీబీ రోజు

20 నవంబర్ 2025, గురువారం

లెక్కలు రాసుకు బతికేవాళ్లకి నెలనెలా ఇరవయ్యో తారీకు ఒక పరీక్ష. ముందు నెల అమ్మకాల మీద పన్ను లెక్క చూపించి కట్టే జీఎస్టీ త్రీబీ రిటర్నుకి ఆఖరి రోజు. పొద్దున్న ఆరున్నరకే ఫోన్లు మొదలయ్యాయి. "మేడం గారూ, మనది ఎంతొచ్చింది?" అని. రాత్రే వాట్సాప్‌లో అంకె పంపినా మళ్లీ అడుగుతారు, నోటితో అడిగితే ఏమన్నా తగ్గుతుందేమోనని.

కార్తీకం ఆఖరి రోజు, నీచు ఊసు లేదు కాబట్టి వంట తొందరగా తెమిలింది. కంచరపాలెం నుంచి స్కూటీ మీద ఆటోనగర్ బయల్దేరాను. పోయిన వారం విశాఖలో జరిగిన పెట్టుబడుల సదస్సు ఫ్లెక్సీలు దారిలో ఇంకా అక్కడక్కడా వేలాడుతున్నాయి. గూగుల్ డేటా సెంటర్‌కి 1,500 కోట్ల డాలర్లని అక్టోబర్‌లో చెప్పారు. షీలానగర్ దగ్గర కంటెయినర్ లారీల వెనక ఇరుక్కుపోయి, మనసులో లెక్క వేశాను. నా దగ్గర లెక్కలు రాయించుకునే వాళ్లందరి ఏడాది అమ్మకాలూ కలిపితే ఆ డబ్బులో ఎన్నో వంతు? మధ్యలోనే వదిలేశాను. వెనకవాడు హారన్ కొడుతున్నాడు.

ముందు లేత్ బాబాయ్ షెడ్డు. నాన్నగారి స్నేహితుడు, అందుకని బాబాయ్. నేను వెళ్లేసరికి టర్నర్ ఒక గన్‌మెటల్ బుష్ (కంచు రకం లోహపు గొట్టం ముక్క) లోపలి రంధ్రం తీస్తున్నాడు. మెషీన్ ఆపాడు, గుడ్డతో తుడిచాడు, కొలిచాడు, పెదవి విరిచి మళ్లీ సన్నగా ఒక కట్ తీశాడు. మళ్లీ ఆపాడు, మళ్లీ కొలిచాడు. కాస్త ఎక్కువ కోసేశాడంటే ఆ ముక్క తుక్కులోకే. ట్రేలో పడిన పసుపుపచ్చ తురుముని చేత్తో ఊడ్చి వేరే డబ్బాలో పోస్తున్నాడు. ఇనుప తురుముతో కలిస్తే రేటు పలకదు. ఆ డబ్బాకి తాళం కూడా ఉంది.

బాబాయ్ కవర్లోంచి బిల్లులు తీశారు. అక్టోబర్లో ఐదు లక్షల పని. దాని మీద 18 శాతం, అంటే 90 వేలు పన్ను. కొన్న సరుకు మీద కట్టింది తీసేస్తే చేతి నుంచి పెట్టాల్సింది 60 వేల పైమాటే. అసలు చిక్కేమిటంటే ఆ ఐదు లక్షల్లో ఒక్క రూపాయి రాలేదు. జులై బిల్లే ఇంకా రాలేదు. పని ఇచ్చిన కాంట్రాక్టరు "పైనుంచి రాలేదు సార్" అంటాడు. ఆ పైవాడికి ఇంకో పైవాడు.

"ఏటమ్మా, డబ్బు రాకుండా పన్నేటి?" అన్నారు. ప్రతి నెలా అంటారు. బిల్లు వేస్తే పన్ను పడినట్టే, డబ్బు ఎప్పుడొస్తే ఏమిటి, చట్టం అంతే. మరో చట్టం కూడా ఉంది. చిన్న పరిశ్రమలకి పని ఇచ్చినవాడు 45 రోజుల్లోపు చెల్లించాలి, లేకపోతే అసలు చెల్లించే దాకా ఆ ఖర్చుని అతని ఆదాయపు పన్ను లెక్కలో ఒప్పుకోరు. ఆ మాట చెప్తే బాబాయ్ నవ్వారు. "నాను ఆడికి సెక్షన్లు చెప్తే ఒచ్చే నెల ఆర్డరు పక్క షెడ్డుకెళ్లిపోద్ది." ఆ చట్టం రాసినవాళ్లు ఆటోనగర్‌లో ఒక్క పూట కూచుని ఉంటే, ఫిర్యాదు చెయ్యాల్సిన భారం బాకీ రావాల్సినవాడి మీద పెట్టేవాళ్లు కాదు.

1992లో ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసేనాటికి బాబాయ్ ఇక్కడే హెల్పరు. తర్వాత సొంత షెడ్డు. 2021 జనవరిలో నూటికి నూరు శాతం అమ్మేస్తామన్న నిర్ణయం వచ్చినప్పుడు కూర్మన్నపాలెం నిరసన శిబిరంలో వెళ్లి కూచున్నారు. ఈ జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ అన్నారు. ఈ అంకె గాజువాకలో టీ కొట్టువాడికి కూడా నోటికొచ్చు. అదే ఏడాది కాంట్రాక్టు కార్మికుల్ని వేల సంఖ్యలో తగ్గించారు. ప్యాకేజీ పేపర్లో కనిపించింది, తీసేసిన మనుషులు మాత్రం షెడ్డు గుమ్మంలో కనిపిస్తున్నారు. నేనున్న కాసేపట్లోనే ఒకాయన వచ్చాడు. నలభై దాటి ఉంటాయి, వెల్డింగ్ వచ్చట, రోజుకి ఎంతిచ్చినా పర్లేదన్నాడు. బాబాయ్ కుర్చీ వేసి టీ తెప్పించారు. పని మాత్రం లేదు.

పన్ను మాటకొస్తే, ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ, పైన రోజుకి 50 రూపాయల ఫీజు. బ్యాంకులో బంగారం మీద తెచ్చుకుంటే వడ్డీ ఇంతకన్నా తక్కువే. అదే చెప్పాను. పిన్నిని అడగాలన్నారు.

అక్కణ్ణుంచి అట్టపెట్టెల వాళ్ల దగ్గరికి. రొయ్యల ఎగుమతి కంపెనీలకి పెట్టెలు చేస్తారు. అన్నదమ్ములిద్దరూ, పదిమంది పనివాళ్లూ. మన రొయ్యలు ఎక్కువగా వెళ్లేది అమెరికాకి. ఆగస్టు 27 నుంచి అక్కడ మన సరుకు మీద సుంకం 50 శాతం అయింది, రొయ్యల మీద పాత సుంకాలు కూడా కలిపితే ఇంకా ఎక్కువ. భీమవరం చెరువు రైతు గోడు టీవీలో వస్తుంది, న్యాయమే. పెట్టె చేసేవాడి గోడు ఎవరికి పడుతుంది? కంపెనీలో రొయ్య వలిచే ఆడవాళ్లకి కూడా ఇప్పుడు రోజూ డ్యూటీ లేదట. ఈ యూనిట్లో పేస్టింగ్ చేసే అమ్మాయి వాళ్లమ్మ అక్కడే పనిచేస్తుంది. ఒకే సుంకం దెబ్బ ఒక ఇంట్లో రెండు జీతాల మీద పడింది.

ఇది చాలదన్నట్టు సెప్టెంబర్ 22 నుంచి కొత్త జీఎస్టీ రేట్లు. అందరికీ తగ్గిందని పండగ. వీళ్ల పెట్టెల మీదా 12 నుంచి 5కి తగ్గింది. కానీ పెట్టెకి వాడే క్రాఫ్ట్ పేపరు 18కి పెరిగింది. కొనేటప్పుడు 18 కడతారు, అమ్మేటప్పుడు 5 వసూలు చేస్తారు, తేడా ప్రభుత్వం దగ్గర పడి ఉంటుంది. రిఫండు అడగొచ్చు, 90 శాతం ముందే ఇస్తామని కూడా చెప్పారు, నిజమే. కానీ పేపరు మిల్లువాడు రిఫండు వచ్చేదాకా ఆగడు కదా. అక్టోబర్ నెలకి వీళ్లు నగదుగా కట్టాల్సిన పన్ను సున్నా. స్క్రీన్ మీద సున్నా చూసి తమ్ముడు సంబరపడ్డాడు. అన్నకి విషయం తెలుసు, ఏమీ మాట్లాడలేదు. దరఖాస్తుకి కొనుగోలు బిల్లులన్నీ వరసగా పెట్టమని చెప్పి లేచాను.

మధ్యాహ్నం మల్కాపురం, సింధియా మీదుగా వన్ టౌన్ వచ్చాను. రేపట్నుంచి మార్గశిరం. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి దగ్గర ఈ నెలంతా, ముఖ్యంగా గురువారాలు, ఇసకేస్తే రాలదు. అమ్మవారికి గుడి కప్పు లేదు, ఎవరి చేత్తో వాళ్లే పసుపు కుంకుమలతో పూజ చేసుకోవచ్చు. అందుకే సందంతా పసుపు కుంకుమ దుకాణాలు. మా క్లయింటు కాకపోయినా నేను ఎప్పుడూ కొనే ఒక అక్క ప్యాకెట్లు తుడిచి తుడిచి పెడుతోంది. పోర్టు వైపునుంచి వచ్చే బొగ్గు ధూళి. వేలు పెట్టి చూపించింది, నల్లగా ఉంది.

అక్కకి టెన్షన్ వేరే. జులైలో బెంగళూరులో చిన్న కొట్లవాళ్లకి ఫోన్‌పే లెక్కలు చూసి జీఎస్టీ నోటీసులిచ్చారు కదా, మనకీ వస్తాయా అని. క్యూఆర్ కోడ్ తిరగేసి పెట్టింది. "ఏడాదికి అమ్మకం 40 లక్షలు దాటుతుందా అక్కా?" అంటే, "నలభై లక్షలా! అయితే ఈడెందుకు కూకుంటాను తల్లీ" అంది. అంత దాటకపోతే భయం లేదని చెప్పి కోడ్ మళ్లీ తిన్నగా పెట్టించాను. మార్గశిరంలో చిల్లర ఎవరు తెస్తారు? ఈ ఒక్క నెల అమ్మకం మీదే ఆమె సంక్రాంతి, చీటీ పాట నడుస్తాయి. ఇవాళ నేను చూసిన వ్యాపారాల్లో అప్పు లేకుండా సాగేది ఇదొక్కటే. చేతిలో డబ్బు పెడితేనే ప్యాకెట్టు.

రాత్రి పోర్టల్ ఎప్పట్లాగే నత్తనడక. గడువు రోజు అందరూ ఒకేసారి మీద పడతాం, దాని తప్పు కూడా లేదు. మా ఆయన రెండుసార్లు భోజనానికి పిలిచి మానేశారు. నా ఫీజు ఇద్దరు ఇచ్చారు, మిగతావాళ్లు "వచ్చే నెల కలిపి" అన్నారు. వాళ్లకి రానప్పుడు నాకెలా ఇస్తారని సరిపెట్టుకుంటాను, ఆ మాట మా ఇంటి ఓనరు ముందు చెల్లదు.

తొమ్మిది దాటాక లేత్ బాబాయ్ చలానా పంపారు. మొత్తం కట్టేశారు. వెంటనే ఫోను. "పిన్ని గాజులమ్మా. బ్యాంకోళ్లు సాయంత్రానికే ఇచ్చేసినారు. ఈ వడ్డీ మన ఖర్చుల్లో రాసుకోవచ్చేటి?" రాసుకోవచ్చు, వ్యాపారానికే వాడారు కాబట్టి. వడ్డీ కట్టినప్పుడల్లా రశీదు పారెయ్యకుండా ఆ బిల్లుల కవర్లోనే పెట్టమన్నాను. జులై బిల్లు సంగతి మాత్రం ఈసారి నేనే ఆ కాంట్రాక్టరు అకౌంటెంటుకి సోమవారం ఫోన్ చేసి కదుపుతాను. అతను నాకు తెలుసు, అతనూ ఇవాళ త్రీబీలతోనే కుస్తీ పడుతుంటాడు.