అడ్వాన్స్ ఇచ్చాక గోడ కూలింది: గోపాలపట్నంలో ఇల్లు కొన్న నా అనుభవం

పోయిన శుక్రవారం రిజిస్ట్రేషన్ అయింది. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

విశాఖపట్నం గోపాలపట్నంలో 130 గజాల పాత ఇల్లు, 82 లక్షలకి బేరం. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల కాగితాలు), బ్యాంకు లోను అన్నీ సాఫీగానే జరిగాయి. 6 లక్షలు అడ్వాన్స్ ఇచ్చి స్టాంపు పేపరు మీద అగ్రిమెంట్ రాసుకున్నాం. అమ్మే మాస్టారు గోడ మీద అరచేత్తో చరిచి, "హుద్‌హుద్‌కే చెక్కు చెదరలేదు బాబూ ఇది" అన్నారు. 2014 అక్టోబరు 12న ఆ తుపానుకి ఊరంతా చెట్లు కూలిన రోజు మనకి తెలుసు కదా, నమ్మేశాను.

అంత గాలికి నిలబడ్డ ఇల్లు పక్కవాడి గోతికి లొంగింది. పక్క స్థలంలో అపార్ట్‌మెంట్ సెల్లారు కోసం ప్రహరీని ఆనుకునే పదడుగుల లోతు తవ్వేశారు. రెండు రోజులు వాన పట్టింది. మూడో రోజు పొద్దున్న వెళ్తే తూర్పు ప్రహరీ గోతిలో ఉంది. పడకగదిలో కిటికీ మూల నుంచి శ్లాబు దాకా ఏటవాలుగా పగులు. రూపాయి బిళ్ళ దూరుతుంది.

అక్కణ్ణుంచి మూడు వారాలు నేను విన్న ప్రశ్న ఒక్కటే: "మీరెవరండీ?"

సైటు సూపర్‌వైజరు కూర్చోమని కూడా అనలేదు. "ఓనర్ని రమ్మనండి" అన్నాడు. వాచ్‌మన్ నవ్వాడు. ఫిర్యాదు పట్టుకుని మునిసిపల్ ఆఫీసుకి వెళ్తే, గుమస్తా నా అగ్రిమెంట్ తిరగేసి, "ఇది ఉంటే ఓనరైపోతారేటి?" అని కాగితం నా వైపు తోసేశాడు. వెనక లైన్లో పదిమంది. నలభై మూడేళ్ళవాణ్ణి, హోంవర్కు చెయ్యని పిల్లాడిలా నిలబడ్డాను. సరే, మాస్టారి దగ్గరికి వెళ్తే ఆయన విదేశంలో ఉన్న కొడుక్కి ఫోన్ కలిపారు. "అడ్వాన్స్ ఇచ్చేశాక ఇల్లు మీదే కదా అంకుల్, రిపేరు మీరే చూసుకోండి" అన్నాడు ఆ అబ్బాయి. అంటే ఫిర్యాదుకి నేను ఓనర్ని కాదు, ఖర్చుకి మాత్రం ఓనర్ని! ఈలోపు బ్యాంకువాళ్ళు వాల్యుయర్ మళ్ళీ చూసేదాకా డబ్బు విడుదల చెయ్యం అనేశారు. సగం కమీషన్ ముందే పుచ్చుకున్న బ్రోకరు ఫోనే ఎత్తలేదు. బ్రోకరుకి రిజిస్ట్రేషన్ అయ్యేదాకా పైసా ఇవ్వకండి, ఇది నా శాపం అనుకోండి, సలహా అనుకోండి.

చివరికి లాయరు గారు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం తీశారు. సెక్షన్ 54 ప్రకారం అగ్రిమెంట్ ఒక్కటే ఆస్తి మీద హక్కు ఇవ్వదు. సెక్షన్ 55 ప్రకారం అప్పగించేదాకా ఇంటిని జాగ్రత్తగా చూసుకోవాల్సింది అమ్మేవాళ్ళే. హక్కు చేతులు మారాకే నష్టం కొన్నవాళ్ళ నెత్తిన పడుతుంది. గుమస్తా నన్ను గడ్డిపోచలా తీసిపడేసిన మాటే నాకు పనికొచ్చింది. నేను ఓనర్ని కాను. కాబట్టి నష్టమూ నాది కాదు.

మాస్టారి ముందు ఆ పేజీ పెట్టాను. ఇంకోటి కూడా: అగ్రిమెంట్ రోజున గది గదీ తిరిగి నేను తీసిన వీడియో. "ఇల్లు కొంటున్నారా, సినిమా తీస్తున్నారా" అని మా ఆవిడ ఎగతాళి చేసింది అప్పుడు. పగులు పాతదే అన్న మాట ఇక ఎవరి నోటా రాలేదు.

ఫిర్యాదు మీద మాస్టారు సంతకం పెట్టారు. అదే గుమస్తా, అదే కాగితం, నాలుగు రోజుల్లో వచ్చి పని ఆపించారు. పని ఆగేసరికి బిల్డరే ఇంటికొచ్చి కూర్చున్నాడు. పిల్లర్లు వేసి ప్రహరీ కట్టించాడు. పగులుకి గాను మాస్టారు మూడున్నర లక్షలు తగ్గించారు, అది విడిగా కాగితం రాసి ఇద్దరం సంతకాలు చేశాం. మా మొదటి అగ్రిమెంట్లో నాలుగు హద్దులూ రాయి రాయితో సహా ఉన్నాయి గానీ, మధ్యలో ఇంటికి ఏమైనా అయితే ఎవరు భరించాలో ఒక్క ముక్క లేదు. మీరు ఆ ముక్క రాయించుకోండి. డాక్యుమెంట్ రైటరు "అవసరం లేదండీ" అంటాడు, వినకండి.

మిగతాది, టీడీఎస్ (కొన్నవాళ్ళు ధరలోంచి పట్టి ప్రభుత్వానికి కట్టే పన్ను) 1 శాతం, బయోమెట్రిక్, ఫోటోలు, ఒక పూటలో అయిపోయింది.

పగులు పూడ్చే ముందు ఇంజనీరు స్నేహితుడు దాని మీద అడ్డంగా సన్నని గాజుముక్క సిమెంటుతో అతికించాడు. గోడ ఇంకా కదులుతుంటే అది విరుగుతుందట. రోజూ పళ్ళు తోముకుంటూ వెళ్ళి చూస్తున్నాను. ఇవాళ్టికి విరగలేదు.