కలహారీ బురదలో ఒక రాత్రి

బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో ఉద్యోగానికొచ్చి మూడేళ్ళు, ఇక్కడి మనవాళ్ళంతా చోబే నేషనల్ పార్కుకెళ్ళి బోటెక్కి ఏనుగుల్ని చూసొస్తారు, నాకేమో సెంట్రల్ కలహారీ పిచ్చి. 1961లో రిజర్వ్ చేసిన అడవి, దాదాపు 52,800 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగానికి కాస్త తక్కువ, లోపల షాపు లేదు, పెట్రోల్ బంకు లేదు, తాగే నీళ్ళు కూడా మనమే మోసుకెళ్ళాలి, క్యాంపులకి కంచె కూడా ఉండదు. తోడొస్తానన్న ఫ్రెండ్ ఆఖర్లో హ్యాండిచ్చాడు, అయినా బయల్దేరా. బుద్ధితక్కువ పనే.

ఫిబ్రవరి, అక్కడ వానాకాలం. ఎడారి అంటారు గానీ లోపలుండే డిసెప్షన్ వ్యాలీ అప్పుడు పచ్చగా ఉంటుంది, ఎటు చూసినా స్ప్రింగ్‌బాక్ జింకల మందలే. దారి మధ్యలో పెరిగిన గడ్డి గింజలు రేడియేటర్‌లోకి పోయి ఇంజిన్ వేడెక్కిపోద్ది, అందుకే ముందు పాత దోమతెర కట్టా, అయినా గంటకోసారి దిగి పాత టూత్‌బ్రష్‌తో దులపడం, బండి కింద సైలెన్సర్‌కి ఎండుగడ్డి చుట్టుకుందేమో చూడ్డం, లేకపోతే అంటుకుంటుంది.

రెండోరోజు సాయంత్రం దారి ఒక పాన్ (వానకి నీళ్ళు నిలిచే పల్లం) అంచున దిగింది. పైన ఎండినట్టే ఉంది, లోపల అచ్చం మన నల్లరేగడి. గుంటూరు జిల్లాలో పుట్టినోణ్ణి, నాకు తెలియొద్దూ! ఇరుసుదాకా దిగబడింది. సిగ్నల్ సున్నా. బండి వదిలి నడవకూడదు, అదొక్కటే రూలు. పొద్దున అదే దారిలో సింహం అడుగులు చూశా కాబట్టి నాలుగు పారలు తవ్వడం, లేచి చుట్టూ చూడ్డం, మళ్ళీ నాలుగు పారలు. తవ్విన గుంటలోకి నీళ్ళు ఊరుతున్నాయి తప్ప టైరు కదల్లేదు. చీకటి పడేసరికి చెప్పులు బురదగా ఉన్నాయని బయటే వదిలేసి సీట్లోకెక్కి తలుపులేసుకుని, పులిహోర కూడా సగమే తిన్నా.

గర్జన సినిమాల్లోలా ఉండదండీ, బావిలోంచి ఎవరో మూలిగినట్టు మొదలై చివర్లో ఊఁ ఊఁ అని చిన్నదైపోతుంది. 8 కిలోమీటర్ల దాకా వినిపిస్తుందంటారు, నాకు మాత్రం సీటు కిందే ఉన్నట్టుంది. రెండింటికేమో గర్జన ఆగింది, అప్పుడు ఇంకా భయమేసింది. కాసేపటికి చప్ చప్ మని చప్పుడు. లైటు వెయ్యలేదు, వెన్నెల్లో చూస్తే ఆడసింహం, నేను తవ్విన గుంటలో నీళ్ళు తాగుతోంది, నాకూ దానికీ మధ్య తలుపొక్కటే. వెనక ఇంకో రెండు. ఒకటి టైరు వాసన చూసింది. ఊపిరి కూడా తీయలేదేమో నేను. బాటిల్లోనే పోసుకున్నా ఆ రాత్రి, దాచేదేముంది.

మర్నాడు పదింటికి ఒక ముసలి జంట జీప్‌లో వచ్చి తాడేసి లాగారు. పెద్దాయన నా చెప్పుల గుర్తుల మీద పడ్డ పంజా గుర్తుల్ని చూసి ఏమీ అనలేదు, ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాడు. చెప్పు ఒకటే కనపడింది, రెండోది నక్క ఎత్తుకుపోయి ఉంటుందన్నాడు. ఊరికెళ్ళేదాకా ఆ ఒంటి చెప్పే గతి.