పూసల పరీక్షలో రెండు పూసలు తొందరపాటేనా?

స్కిజోఫ్రెనియా అనే మానసిక వ్యాధిలో ఆలోచన తీరును కొలిచే పరీక్షల్లో పూసల పరీక్షంత తేలిగ్గా కనిపించేది ఇంకోటి లేదు. చెడగొట్టడమూ అంతే తేలిక. ఎంత చెప్పినా వదలని తప్పుడు నమ్మకాలు, అంటే డెల్యూషన్లు, ఉన్నవాళ్ళతో హక్, గారెటీ, హెమ్స్‌లీ అనే పరిశోధకులు చేసిన పని 1988లో అచ్చయింది. ఆ తర్వాత దీన్ని వాడనివాళ్ళు తక్కువ.

రెండు జాడీలు, ఒక్కోదాంట్లో వంద పూసలు. ఒకదాంట్లో 85 ఎరుపు, 15 నీలం. రెండోదాంట్లో లెక్క తిరగబడుతుంది. రెండూ చూపించి, చాటుకు తీసుకెళ్ళి, ఒక జాడీలోంచి ఒక్కో పూస తీసి చూపించి మళ్ళీ అందులోనే వేస్తాం. ప్రతి పూసకీ ఒకటే ప్రశ్న: "ఇంకోటి చూస్తారా, ఏ జాడీయో చెప్పేస్తారా?" చెప్పేలోగా ఎన్ని పూసలు అడిగారన్నదే స్కోరు. ఒకటి రెండు పూసలకే తేల్చేస్తే తొందరపాటు కింద రాస్తారు. పూసలు వచ్చే వరస మాత్రం ముందే రాసి పెట్టుకున్నదే, అందరికీ ఒకటే.

అయితే లెక్క వేసి చూడండి. మొదటి పూస ఎరుపైతే అది ఎరుపు జాడీ అయ్యే అవకాశం 85 శాతం. రెండోదీ ఎరుపే వస్తే 97 శాతం. అక్కడ ఆగినవాణ్ణి తొందరపాటు మనిషి అనడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. ఇరవై పూసలు అడిగేవాడిదే అతి జాగ్రత్త అనాలి! అందుకే 60:40 జాడీలు కూడా పెట్టాలి. అక్కడ రెండు ఎరుపు పూసలకు వచ్చేది 69 శాతమే. 97 దాటాలంటే వరసగా తొమ్మిది ఎరుపులు రావాలి. ఇక్కడ కూడా రెండింటికే తేల్చేస్తే, అప్పుడు మాట్లాడుకోవచ్చు.

తప్పులు ఎక్కువగా జరిగేది సూచనల దగ్గర. మధ్యలో జాడీ మారుస్తున్నారని అనుకునేవాళ్ళు ఉంటారు. అలాంటివాళ్ళకు ప్రతి పూసా కొత్త ఆటే కాబట్టి ఒక్కదానికే జవాబు చెప్పేస్తారు. మూడు ఎరుపుల తర్వాత ఒక్క నీలం రాగానే "జాడీ మార్చారు కదా" అంటే అనుమానించాల్సింది సూచననే, మనిషిని కాదు. మొదలుపెట్టే ముందే "పూసలన్నీ ఒకే జాడీలోంచి వస్తాయా, మధ్యలో జాడీ మారుతుందా?" అని అడిగి, సరైన జవాబు వచ్చాకే ముందుకెళ్ళాలి.

రెండో చిక్కు జ్ఞాపకం. వచ్చిన పూసల్ని మనసులో పెట్టుకోలేనివాళ్ళకు ఇంకోటి అడిగినా లాభం ఉండదు. తీసిన పూసల రంగులు వరసగా ఎదురుగా కనిపించేలా ఉంచితే ఆ భారం పోతుంది. విన్న అంకెల్ని వెనకనుంచి చెప్పే జ్ఞాపకశక్తి పరీక్ష, తెలివితేటల పరీక్ష కూడా పక్కన చేయకపోతే, స్కోరులో తేడా డెల్యూషన్‌దో, మొత్తంగా తగ్గిన ఆలోచనా శక్తిదో విడదీయలేం. విసుగు సంగతీ ఉంది: త్వరగా వెళ్ళిపోవాలనుకునేవాడికి మొదటి పూసే చాలు.

ఒక్కసారి చేసి వదిలేస్తే ఆ అంకె నిలకడగా ఉండదు. వేర్వేరు వరసలతో నాలుగైదుసార్లు చేయాలి. నివేదికలో జాడీల నిష్పత్తి, పూసలు ఎదురుగా ఉంచారా లేదా, సూచన అర్థం కాక ఎంతమందిని లెక్కలోంచి తీసేశారు, ఈ మూడూ రాయాలి. మూడోది చాలాచోట్ల కనిపించదు.