ఆర్‌వీ-7 ఐఎఫ్ఆర్ పనులు: స్టాటిక్ లైన్ ఇంకా లీకే

మళ్ళీ ఫెయిల్. ఆర్‌వీ-7 అనే వ్యాన్స్ కంపెనీ కిట్ విమానాన్ని ఐఎఫ్ఆర్‌కి, అంటే మబ్బులో పరికరాలు చూసి ఎగరడానికి, సిద్ధం చేస్తున్నాం. బయటి గాలి ఒత్తిడిని ఎత్తు చూపే ఆల్టిమీటర్‌కి చేర్చే గొట్టమే స్టాటిక్ లైన్. అందులో గాలి లాగి, ఆల్టిమీటర్‌ని వెయ్యి అడుగుల దాకా ఎక్కించి లైన్ బిగించేస్తే ఒక్క నిమిషంలో 340 అడుగులు దిగిపోయింది. అమెరికా విమాన మెయింటెనెన్స్ నిబంధన పార్ట్ 43 అపెండిక్స్-ఈ ఒప్పుకునేది 100. విమానం ఇంగ్లండులో ఎల్ఏఏ (లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్) పర్మిట్ మీద ఉంటే అమెరికా రూల్‌తో పనేమిటి అంటారా? అంకెతో సహా సూటిగా చెప్పే కొలత అది. పర్మిట్‌లో ఉన్న "పగలు, వీఎఫ్ఆర్ మాత్రమే" (వీఎఫ్ఆర్ అంటే బయటికి చూస్తూ ఎగరడం) అన్న షరతు తీయించుకోవడానికి దరఖాస్తు పెట్టాలి. మబ్బులో ఎత్తు చెప్పాల్సిన లైనే కారుతుంటే ఆ దరఖాస్తు పంపడం దండగ.

మిగతావన్నీ ఓకే. రెండో ఆల్టర్నేటర్ పనిచేస్తోంది, పిటో (వేగం కొలవడానికి ఎదురుగాలి పట్టే గొట్టం) హీటర్ వేడెక్కుతోంది, 8.33 కిలోహెర్ట్జ్ రేడియో, రాడార్‌కి ఎత్తు పంపే మోడ్-ఎస్ ట్రాన్స్‌పాండర్ పరీక్ష దాటాయి.

ఇక లీక్ సంగతి. 60 మి.లీ. సిరంజిని ఒక స్టాటిక్ పోర్ట్‌కి (విమానం పక్కనుండే గాలి రంధ్రం) తగిలించి, రెండోదాన్ని టేప్‌తో మూశాం. పిటోని కూడా టీతో (మూడు దారుల జాయింట్) అదే గొట్టానికి కలపాలి. స్టాటిక్ ఒక్కదాన్నే వెయ్యి అడుగులు లాగితే ఎయిర్‌స్పీడ్ ముల్లు సుమారు 149 నాట్లకి ఎక్కి కూర్చుంటుంది. వదిలేటప్పుడు కనీసం అర నిమిషం తీసుకోవాలి, లేకపోతే వీఎస్ఐ (ఎక్కే, దిగే వేగం చూపే మీటర్) ముల్లు చివరికంటా వెళ్ళి కొట్టుకుంటుంది.

సిరంజి 35 మి.లీ. దగ్గర వెయ్యి అడుగులు వచ్చింది. వెయ్యి అడుగులంటే సుమారు 36 హెక్టోపాస్కల్స్. ఆ లెక్కన లోపలున్న గాలి సుమారు ఒక లీటరు, లీక్ నిమిషానికి 12 మి.లీ. పరీక్ష నెగ్గాలంటే అది నాలుగు మి.లీ. లోపు ఉండాలి. ఇలా మి.లీ.లోకి మార్చుకుంటే వెతుకులాట తేలికవుతుంది. అడుగుల లెక్క వాల్యూమ్‌ని బట్టి మారిపోతుంది, మి.లీ. లెక్క అంతగా మారదు.

ముందు అనుమానం వేడి మీద. మూసి ఉన్న గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 95 అడుగులు దిగినట్టు చూపిస్తుంది. హ్యాంగర్ తలుపు తెరిచి ఎండ పానెల్ మీద పడినా చాలు. పైగా సిరంజి గబుక్కున లాగితే గాలి చల్లబడి, మళ్ళీ వేడెక్కుతూ దొంగ లీక్ చూపిస్తుంది. కానీ అది కాసేపటికి నిలబడిపోవాలి. ఇక్కడ మొదటి నిమిషం 340, రెండోది 225, మూడోది 150. ప్రతిసారీ మిగిలినదాంట్లో మూడో వంతు పోతోంది. ఇది కచ్చితంగా చిల్లే.

తోక వైపు ఏడు మీటర్ల పావు అంగుళం ట్యూబ్‌ని టీ దగ్గర ఊడదీసి, అక్కడ మూసి, పానెల్ ఒక్కదాన్నే లాగితే 370. వాల్యూమ్ పదో వంతు తగ్గింది కాబట్టి అంకె ఆ మేరకు పెరిగింది. లీక్ అంతా పానెల్ వైపేనన్నమాట. అసలు తలనొప్పి తర్వాత మొదలైంది: స్క్రూలు తీసి పానెల్‌ని ముందుకి లాగితే 60 అడుగులే, పాస్! లోపలికి నెట్టి బిగిస్తే మళ్ళీ 370. ఆల్టిమీటర్ వెనక పుష్-ఫిట్ (ట్యూబ్ నెడితే పట్టుకునే) టీ నుంచి బయటికొచ్చిన ట్యూబ్ రెండు అంగుళాల్లోనే మెలిక తిరుగుతోంది. పక్కకి లాగినప్పుడు ఓ-రింగ్ ఒక వైపు పట్టు వదిలేస్తోంది. అక్కడ తొంభై డిగ్రీల ఎల్బో వేసి, ట్యూబ్ కొనని బ్లేడుతో నిటారుగా కోసి పెడితే 130కి దిగింది. పుష్-ఫిట్‌లు చౌక, ఊడదీయడం సులువు. ఇరుకు పానెల్‌లో మాత్రం నట్ బిగించే పాతకాలపు ఫిట్టింగే నయం.

పోర్ట్‌ల గురించి ఒక మాట. వ్యాన్స్ ప్లాన్లలో ఉన్న పాప్ రివెట్ తల చూడ్డానికి నాటుగా ఉంటుందని కొందరు నున్నటి ఫ్లష్ పోర్ట్ వేస్తారు. ఆ ఉబ్బు పక్కన గాలి కాస్త వేగం పుంజుకుని ఒత్తిడి తగ్గుతుంది, సరైన రీడింగ్‌కి ఆ తగ్గుదల కావాలి. రివెట్‌ని కదపొద్దు.

లీక్ ఆగి, పర్మిట్ మారినా అది పనికొచ్చేది ఎంత దూరం? చాలామంది ఇక్కడే పొరబడతారు. యూరోపియన్ యూనియన్ 2018/1139 నిబంధన అనెక్స్-1 ప్రకారం, తయారీ పనిలో కనీసం 51 శాతం అమెచ్యూర్లు సొంత వాడకానికి చేసిన విమానం ఈఏఎస్ఏ (యూరప్ విమాన భద్రతా సంస్థ) పరిధిలోకి రాదు, ఏ దేశం రూల్ ఆ దేశానిదే. బ్రిటన్ ఇప్పుడు ఈఏఎస్ఏలోనే లేదు. అక్కడ 2010ల మధ్య నుంచి ఎల్ఏఏ ఒక్కో విమానాన్నీ విడిగా చూసి రాత్రికి, ఐఎఫ్ఆర్‌కి ఒప్పుకుంటోంది. కరెంటు పోతే ఏం మిగులుతుంది, చేతులొదిలితే విమానం ఎంతసేపు నిలకడగా ఉంటుంది, ఇవన్నీ చూస్తారు. కానీ పర్మిట్ టు ఫ్లై ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) అనెక్స్-8 స్థాయి సర్టిఫికెట్ కాదు. షికాగో ఒప్పందం 40వ ఆర్టికల్ ప్రకారం అలాంటి విమానానికి, వెళ్ళే దేశం అనుమతి కావాలి. హోమ్‌బిల్ట్‌లని రానివ్వమని ఈసీఏసీ (యూరప్ దేశాల పౌర విమానయాన వేదిక) 1980లో సిఫారసు చేసింది, వీఎఫ్ఆర్ ప్రయాణాలు ఎక్కువగా దాని పుణ్యమే. సిఫారసు చట్టం కాదు, ఐఎఫ్ఆర్ విషయం ప్రతి దేశాన్నీ విడిగా అడగాల్సిందే. ఫ్లైట్ ప్లాన్‌కి యూరోకంట్రోల్ నుంచి ఏసీకే (ప్లాన్ అంగీకరించామన్న జవాబు) వచ్చింది కదా అనుకోవద్దు. వాళ్ళు రూటు, ఫార్మాట్ చూస్తారు, పర్మిట్ కాగితం చూడరు. ఏదైనా జరిగితే ఆ కాగితం అడిగేది బీమా కంపెనీ.

నావిగేటర్ కొనేవాళ్ళకి: జీటీఎన్ 650 మంచి పెట్టె, అందులో సందేహం లేదు. అయితే బ్రిటన్ 2021 జూన్ 25న ఈగ్నోస్ (జీపీఎస్‌ని సరిదిద్దే యూరప్ ఉపగ్రహ వ్యవస్థ) సేఫ్టీ సేవ నుంచి బయటపడడంతో అక్కడ ఎల్‌పీవీ అప్రోచ్‌లు (ఆ ఉపగ్రహాల సాయంతో రన్‌వేకి దిగే పద్ధతి) పోయాయి. అనుమతి ఉన్న చోట ఎల్‌పీవీ లేదు, ఎల్‌పీవీ ఉన్న చోట అనుమతి విడిగా అడగాలి. ఎల్‌పీవీ కోసమే అంత డబ్బు పోస్తుంటే కాసేపు ఆగండి. కాక్‌పిట్ తెరల్లో మాత్రం గార్మిన్ జీ3ఎక్స్ కంటే డైనాన్ కంపెనీదే కంటికి హాయి.

తర్వాతి పని ఎన్‌కోడర్ (ట్రాన్స్‌పాండర్‌కి ఎత్తు అందించే పెట్టె) గొట్టం. పానెల్ మూసినప్పుడు అదీ ఒరుసుకుంటోంది, ఎనిమిది సెంటీమీటర్లు పొడుగు వేసి చూడాలి. అప్పటికీ 100 దాటితే వీఎస్ఐని పక్కన పెట్టి దాని గొట్టం మూసి కొలవాలి. దాని వాల్యూమ్ పోతే మిగతా చోట లీక్ అంకె పెరగాలి, తగ్గిందంటే దొంగ వీఎస్ఐ అద్దం గాస్కెట్టే. అది తేలాక ట్రాన్స్‌పాండర్ పంపే ఎత్తుకీ ఆల్టిమీటర్‌కీ తేడా 125 అడుగుల లోపు ఉందో లేదో చూడాలి. ఈలోగా ఫ్రాన్స్, జర్మనీ అధికారులకి రాయాల్సిన ఉత్తరాల్లో పర్మిట్ నకలు, పరికరాల జాబితా, వెళ్ళే ఎయిర్‌ఫీల్డ్‌ల పేర్లు జతచేయాలి. "ఐఎఫ్ఆర్ అనుమతి ఉందా" అని ఊరికే అడిగితే "లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.